అమెరికా స్వాతంత్ర్య సమరమున తీర్పు చెప్పిన యుద్ధములు

చరిత్ర గ్రంథములలో "నిర్ణాయక యుద్ధము" అను మాట తరచుగా కనిపించును. పానిపట్టు, ప్లాసీ, వాటర్లూ అను పేర్లు వినగానే, ఒక మైదానములో రెండు సేనలు తలపడి, ప్రొద్దు క్రుంకునప్పటికి ఒక రాజ్యము కూలి మరియొకటి నిలిచినట్లు మన మనస్సునకు తోచును. ఈ తలంపుతోనే అమెరికా స్వాతంత్ర్య సమరమును చదువబూనిన విద్యార్థి కొంత తికమక పడక తప్పదు. 1775 నుండి 1783 వరకు సాగిన ఆ పోరాటములో అమెరికనుల సర్వసేనాని జార్జి వాషింగ్టన్ గెలిచిన పెద్ద యుద్ధముల కంటె ఓడినవే ఎక్కువ. బోస్టన్, న్యూయార్క్, ఫిలడెల్ఫియా, సవానా, చార్లెస్టన్ మొదలగు ముఖ్యమైన రేవు పట్టణములన్నియు ఏదో యొక కాలమున ఆంగ్లేయుల అధీనములో ఉన్నవే. అయినను చివరకు ఓడలెక్కి వెడలిపోయినవారు ఆంగ్లేయులే. ఇది ఎట్లు సంభవించెను? ఆ సమరములో ఏ యుద్ధములు నిర్ణాయకములైనవి, ఏవి కాలేదు, అందుకు కారణమేమి అని విచారించుటయే ఈ వ్యాసోద్దేశము.

నా అభిప్రాయమును ముందుగనే మనవి చేసెదను. ఈ సమరములో ఒక యుద్ధము యొక్క ప్రాముఖ్యమును ఆ మైదానములో కూలినవారి లెక్కతో కొలువరాదు. ఆ యుద్ధవార్త పారిస్ రాజసభకు, లండన్ పార్లమెంటునకు, కరోలినా రైతు గడపకు చేరినప్పుడు అచ్చట ఎవరి మనస్సు మారినదో చూడవలెను. తీర్పు చెప్పిన స్థలములు అవియే.

పదమూడు వలసలలో అప్పటి జనసంఖ్య సుమారు 25 లక్షలు. అందు అయిదు లక్షలమంది వరకు నీగ్రో బానిసలు. వలసవాసులకు మొదట క్రమశిక్షణ గల సైన్యము లేదు, నౌకాదళము లేదు, మందుగుండు తయారీ అంతంత మాత్రము. ప్రతిపక్షమున ప్రపంచములోకెల్ల బలమైన నౌకాదళము, ఆరితేరిన పటాలములు, అవి చాలనప్పుడు జర్మనీ సంస్థానాధీశుల వద్ద కిరాయికి తెచ్చిన సైనికులు ఉండిరి. సమరము ముగియులోపల అట్లు వచ్చిన జర్మనులు దాదాపు ముప్పది వేలమంది. కాని ఆంగ్లేయులకు ఒక చిక్కు కలదు. వారికిని యుద్ధభూమికిని నడుమ మూడువేల మైళ్ల సముద్రము. లండన్‌లో మంత్రి వ్రాసిన ఉత్తరువు సేనానికి చేరుటకు వారములు, ఒక్కొక్కప్పుడు మాసములు పట్టెడిది. అది చేరునప్పటికి పరిస్థితి మారిపోయి ఉండెడిది.

1775 ఏప్రిల్ 19న లెక్సింగ్టన్, కాంకర్డ్ గ్రామములలో మొదటి కాల్పులు జరిగెను. జూన్ 17న బోస్టన్ సమీపమున బంకర్ హిల్ యుద్ధము. ఇందు గెలిచినవారు ఆంగ్లేయులే. గుట్ట వారి వశమైనది. కాని రెండువేల పైచిలుకు సేనలో వెయ్యిమందికి పైగా మరణించిరి లేదా గాయపడిరి. ఇట్టి విజయములు మరికొన్ని లభించినచో సైన్యమే మిగులదని ఆంగ్ల సేనానులకు నాడే బోధపడెను. నాగలి వదలి తుపాకి పట్టిన రైతులు ఎదురు నిలువగలరని వలసవాసులకును తెలిసివచ్చెను.

మరుసటి సంవత్సరము జూలై 4న స్వాతంత్ర్య ప్రకటన వెలువడెను. అటుపిమ్మట కొలది వారములకే ఆ స్వాతంత్ర్యము కాగితముపైననే ఆగిపోవునేమో అను స్థితి ఏర్పడెను. ఆగస్టులో లాంగ్ ఐలండ్ వద్ద వాషింగ్టన్ ఓడెను. నవంబరులో ఫోర్ట్ వాషింగ్టన్ అను కోట పడిపోయి, 2,800 మందికి పైగా సైనికులు బందీలైరి. మిగిలిన దండు న్యూజెర్సీ మీదుగా వెనుకకు తగ్గుచు డెలావేర్ నది ఆవలి ఒడ్డు చేరెను. పెక్కుమంది సైనికుల ఒప్పంద కాలము డిసెంబరు 31తో ముగియనుండెను. ఆ తేదీ దాటినచో సేనానికి సేన ఉండదు.

డిసెంబరు 25వ తేదీ రాత్రి, మంచు గడ్డలు కొట్టుకొని వచ్చుచున్న ఆ నదిని వాషింగ్టన్ 2,400 మందితో దాటి, మరునాటి ఉదయమున ట్రెంటన్ పట్టణములోని జర్మన్ కిరాయి దళముపై పడెను. సుమారు 900 మంది పట్టుబడిరి. వారి నాయకుడు రాల్ గాయములతో మరణించెను. అమెరికన్ పక్షమున పోరులో చనిపోయినవారు లేరనియే చెప్పవలెను. చలికి కొయ్యబారి ఇద్దరు చనిపోయిరి. వారము దాటగనే, 1777 జనవరి 3న, ప్రిన్స్‌టన్ వద్ద మరియొక విజయము లభించెను. సైనికశాస్త్ర దృష్టితో ఇవి చిన్న దాడులు. ట్రెంటన్ చేతికి వచ్చినందున బ్రిటిష్ సామ్రాజ్యమునకు కలిగిన నష్టము స్వల్పము. కాని ఇంటిదారి పట్టవలసిన సైనికులలో పలువురు మరికొంతకాలము నిలిచిరి, వసంతములో క్రొత్తవారు చేరిరి. ఆ శీతకాలములో సైన్యము చెదరిపోకుండుటయే వాషింగ్టన్ సాధించిన విజయము.

ఇక సారటోగా. ఈ యుద్ధము గురించి కొంత విపులముగ చెప్పవలసి యున్నది. 1777లో ఆంగ్లేయుల పథకము చూచుటకు చక్కనిది. కెనడా నుండి జనరల్ బర్గోయిన్ దక్షిణముగా దిగవలెను; పడమటి నుండి సెయింట్ లెజర్ అను సేనాని రావలెను; న్యూయార్క్ నుండి హడ్సన్ నది వెంబడి మరియొక సేన పైకి రావలెను; మువ్వురును ఆల్బనీలో కలిసి, తిరుగుబాటునకు పుట్టినిల్లయిన న్యూ ఇంగ్లండ్ వలసలను తక్కిన వలసల నుండి వేరుచేయవలెను. కాని న్యూయార్క్‌లోని సర్వసేనాని హౌ సముద్రమార్గమున ఫిలడెల్ఫియా పట్టణమును పట్టుకొనుటకు వెడలిపోయెను. విచిత్రమేమనగా, లండన్‌లోని మంత్రి లార్డ్ జెర్మేన్ ఈ రెండు పథకములను ఆమోదించియుండెను! ఒకదాని వలన రెండవది చెడునని ఆయనకు తట్టలేదో, తట్టినను దూరము వలన సరిదిద్దలేకపోయెనో గాని, దాని మూల్యము బర్గోయిన్ చెల్లించెను.

జూలై మొదటి వారములో బర్గోయిన్ టికాండరోగా కోటను సునాయాసముగ పట్టుకొనెను. ఆ తరువాత అడవి అడ్డు వచ్చెను. అమెరికన్లు దారి పొడవునా పెద్ద వృక్షములను అడ్డముగా నరికి పడవేసిరి, వంతెనలు కూల్చిరి, వాగులకు గండ్లు కొట్టి నేలను బురదగా చేసిరి. ఫిరంగులతో, సామానుల బండ్లతో కదలుచున్న ఆ సేనకు ఇరువది మైళ్ల పైచిలుకు దారి గడచుటకు మూడు వారములు పట్టెను. తిండికి, గుర్రములకు వెదకబోయిన ఒక దళము ఆగస్టు 16న బెనింగ్టన్ వద్ద నాశనమైనది. సుమారు 900 మంది పోయిరి. సెయింట్ లెజర్ స్టాన్విక్స్ కోటను పట్టుకొనలేక వెనుదిరిగెను. ఇక బర్గోయిన్ ఒంటరి.

హడ్సన్ ఒడ్డున బెమిస్ హైట్స్ అను ఎత్తు ప్రదేశమును అమెరికన్లు ముందుగనే పట్టుకొని యుండిరి. అచ్చట రక్షణలు కట్టిన ఇంజనీరు కోషియుస్కో పోలండ్ దేశీయుడు. సెప్టెంబరు 19న ఫ్రీమన్ పొలములో జరిగిన మొదటి పోరులో మైదానము ఆంగ్లేయులకే దక్కెను గాని, వారు నష్టపోయిన ఆరు వందల మందికి బదులుగా వచ్చువారు లేరు. అక్టోబరు 7న జరిగిన రెండవ పోరులో వారు ఓడిరి. ఆనాడు అమెరికన్ దళములను ముందుకు నడిపి కాలికి గాయము తగిలించుకొన్న బెనెడిక్ట్ ఆర్నాల్డ్, 1780లో ఆంగ్లేయుల పక్షము చేరి ద్రోహియని పేరుపడెను. అక్టోబరు 17న బర్గోయిన్ 5,800 మందికి పైగా సేనతో జనరల్ గేట్స్‌కు లొంగిపోయెను.

ఆ వార్త డిసెంబరు 4న పారిస్‌లో అమెరికా రాయబారి బెంజమిన్ ఫ్రాంక్లిన్‌కు చేరెను. ఫ్రాన్సు 1776 నుండియే దొంగచాటుగా, ఒక బూటకపు వర్తక సంఘము పేరిట, ఆయుధములు పంపుచుండెను. సారటోగాలో అమెరికన్లు వాడిన మందుగుండులో అధికభాగము అట్లు వచ్చినదే. కాని బహిరంగముగా చేయి కలుపుటకు ఫ్రెంచి మంత్రి వెర్జెన్ వెనుకాడుచుండెను. ఓడిపోవు పక్షమున చేరుటకు ఏ రాజు ఇష్టపడును? ఒక ఆంగ్ల సేన సేనానితో సహా లొంగిపోయిన పిమ్మట సందేహము తీరెను. 1778 ఫిబ్రవరి 6న ఫ్రాన్సు అమెరికాతో మైత్రీ సంధి చేసికొనెను. 1779లో స్పెయిన్ బ్రిటన్‌పై యుద్ధము ప్రకటించెను. 1780 చివర హాలండుతోను యుద్ధము వచ్చెను. వలసలలోని తిరుగుబాటుగా మొదలైనది మూడు సముద్రములపై యుద్ధముగా మారినది. ఆంగ్లేయులు ఫిలడెల్ఫియాను వదలుకొనవలసి వచ్చెను. అమెరికాలోని తమ సేన నుండియే అయిదువేల మందిని వెస్టిండీస్ దీవులకు పంపవలసి వచ్చెను. సారటోగా అడవులలో గెలిచినది ఒక సేన. ఆ గెలుపు వలన కదలినది ఒక నౌకాదళము. ఆ నౌకాదళము లేనిదే యార్క్‌టౌన్ లేదు.

ఉత్తరమున పని సాగకపోవుటచే ఆంగ్లేయులు దక్షిణ వలసలపై దృష్టి మరల్చిరి. 1780 మే 12న చార్లెస్టన్ పట్టణము అయిదువేలమందికి పైగా అమెరికన్ సైనికులతో లొంగిపోయెను. ఆగస్టులో కామ్డెన్ వద్ద, సారటోగా వీరుడైన గేట్స్ ఘోరముగా ఓడి పారిపోయెను. సంఖ్యలను బట్టి తీర్పు చెప్పువారు ఈ రెంటినే నిర్ణాయక యుద్ధములని వ్రాయవలసి వచ్చును. కాని అవి ఏమియు నిర్ణయింపలేదు. పట్టణము పట్టుకొన్నవారికి పల్లె దక్కలేదు. 1780 అక్టోబరులో కింగ్స్ మౌంటెన్ వద్ద, 1781 జనవరిలో కౌపెన్స్ వద్ద ఆంగ్ల పక్షము దళములు రెండు తుడిచిపెట్టుకొని పోయెను. మార్చి 15న గిల్ఫర్డ్ న్యాయస్థానము అను ఊరివద్ద లార్డ్ కారన్‌వాలిస్ తన 1,900 మందితో, రెట్టింపునకు మించిన నథానియల్ గ్రీన్ సేనను మైదానము నుండి తరిమెను. అందుకు అయిన ఖర్చు అయిదు వందల మందికి పైగా, అనగా సేనలో నాలుగవ వంతు. ఇట్టి గెలుపు మరొకటి వచ్చినచో మన సైన్యమే నాశనమగునని లండన్‌లో ప్రతిపక్ష నాయకుడు ఫాక్స్ ఎత్తిపొడిచెను. ఓడిన గ్రీన్ దక్షిణమునకు తిరిగి కరోలినాలను క్రమముగ విడిపించుకొనగా, గెలిచిన కారన్‌వాలిస్ విశ్రాంతికై సముద్రతీరము చేరి, అటనుండి వర్జీనియాకు పోయెను. గెలుపు ఓటముల అర్థము ఇంతగా తారుమారైన ఘట్టము ఈ సమరములో మరియొకటి లేదు.

1781 ఆగస్టులో కారన్‌వాలిస్ చెసాపీక్ అఖాతము ఒడ్డునగల యార్క్‌టౌన్‌లో విడిది చేసెను. వెనుక సముద్రము ఉన్నది, సముద్రము తమది, కనుక భయము లేదని ఆయన లెక్క. ఆంగ్లేయులకు నూరేండ్లుగా అలవాటైన లెక్క అది. ఈసారి అది తప్పెను. వెస్టిండీస్ నుండి ఫ్రెంచి నౌకాధిపతి ద గ్రాస్ 28 యుద్ధనౌకలతో, మూడువేల మందికి పైగా సైనికులతో చెసాపీక్ చేరెను. న్యూయార్క్ సమీపముననున్న వాషింగ్టన్, ఫ్రెంచి సేనాని రోషాంబో ఆ వార్త ముందుగ తెలిసి, న్యూయార్క్ పైననే దాడి జరుగునని శత్రువును నమ్మించి, ఆగస్టు 19 నుండి సేనలను దక్షిణమునకు నడిపించిరి.

సెప్టెంబరు 5న అఖాతము ముఖద్వారమున 24 ఫ్రెంచి నౌకలు, 19 ఆంగ్ల నౌకలు తలపడెను. ఆ పోరు కొన్ని గంటలు మాత్రమే సాగినది. పోరులో ఏ పక్షమును ఎదుటివారి ఓడ నొక్కదానినైనను పట్టుకొనలేదు. అచ్చట ఒక్క అమెరికన్ దళమైనను లేదు. అయినను ఈ సమరము మొత్తములో అత్యంత నిర్ణాయకమైన పోరు ఏదని అడిగినచో నేను దీనినే చూపుదును. దెబ్బతిన్న ఆంగ్ల నౌకాదళము కొన్నినాళ్లకు న్యూయార్క్‌కు మరలిపోయెను. కారన్‌వాలిస్ వెనుకనున్న తలుపు మూతపడెను.

సెప్టెంబరు 28న ముట్టడి మొదలయ్యెను. అక్టోబరు 9 నుండి ఫిరంగులు మ్రోగెను. కందకములు త్రవ్వుచు ముట్టడిదారులు రోజురోజునకు దగ్గరయిరి. 14వ తేదీ రాత్రి రెండు బురుజులను కత్తిపోట్లతో పట్టుకొనిరి. ఒకటి ఫ్రెంచివారు, రెండవది అలెగ్జాండర్ హామిల్టన్ నాయకత్వమున అమెరికన్లు. 16వ తేదీ రాత్రి నది దాటి తప్పించుకొనుటకు చేసిన ప్రయత్నము గాలివానకు చెడెను. మరునాడు, బర్గోయిన్ లొంగిన దినమునకు సరిగా నాలుగేండ్లకు, కోటగోడపై ఒక డప్పు మ్రోగెను, ఒక తెల్లగుడ్డ కనిపించెను. 19న ఏడువేలకు పైగా సైనికులు ఆయుధములు దించిరి. కారన్‌వాలిస్ అస్వస్థతయని చెప్పి రాలేదు. తన కత్తిని సహాయ సేనాని ద్వారా పంపెను.

అప్పటికిని న్యూయార్క్, చార్లెస్టన్, సవానా ఆంగ్లేయుల చేతిలోనే ఉండెను. వేలకొలది సైనికులు మిగిలియుండిరి. యుద్ధము సాగించుటకు వారికి శక్తి లేకపోలేదు. పోయినది పార్లమెంటు ఓపిక. నవంబరు 25న వార్త లండన్ చేరినప్పుడు ప్రధానమంత్రి లార్డ్ నార్త్, గుండెలో గుండు తగిలినవానివలె చేతులు చాచి అంతయు ముగిసినదని అరచెనట. 1782 ఫిబ్రవరి 27న కామన్స్ సభ అమెరికాలో దండయాత్ర చాలునని ఓటు చేసెను. మార్చి 20న నార్త్ రాజీనామా ఇచ్చెను. 1783 సెప్టెంబరు 3న పారిస్ సంధిపై సంతకములు జరిగెను.

ఈ తీర్పు ఎవరికి అనుకూలముగ వచ్చినది అను ప్రశ్నను మన పాఠ్యపుస్తకములు సాధారణముగా దాటవేయును. తిరుగుబాటుదారుల బానిసలు తమ పక్షము చేరినచో విముక్తి కలదని 1775లో వర్జీనియా గవర్నరు డన్మోర్, తరువాత ఇతర సేనానులు ప్రకటింపగా వేలమంది ఆంగ్లేయుల వెంట నడచిరి. యార్క్‌టౌన్‌లో ఆహారము తరిగి, మశూచి వ్యాపింపగా కారన్‌వాలిస్ వారిలో పెక్కుమందిని కోట వెలుపలికి నెట్టివేసెను. అడవులలో వారి శవములు పడియుండెను. ముట్టడి ముగిసిన తరువాత, బ్రతికి పట్టుబడిన బానిసలను యజమానులకు అప్పగింప ఏర్పాట్లు చేయుమని వాషింగ్టన్ ఆజ్ఞాపించెను. అదే ముట్టడిలో రోడ్ ఐలండ్ పటాలములోని నల్లజాతి సైనికులు అమెరికా పక్షమున పోరాడిరి. 1783లో ఆంగ్లేయులు న్యూయార్క్ వదలునప్పుడు దాదాపు 3,000 మంది నల్లజాతివారు ఓడలెక్కి కెనడా తీరమునకు స్వేచ్ఛగా వెళ్లగలిగిరి. వారిని తిరిగి ఇమ్మని వాషింగ్టన్ అడుగగా ఆంగ్ల సేనాని కార్ల్‌టన్ నిరాకరించెను. ఇక అమెరికా ఆదివాసుల మాట. 1779లో సలివన్ దండయాత్ర ఇరొక్వా జాతుల గ్రామములను నలుబదింటిని, వాని పంటపొలములతో సహా, కాల్చివేసెను. పారిస్ సంధిలో ఆ జాతుల పేరైనను లేదు. వారి భూములు మాత్రము చేతులు మారెను.

ఈ సమరపు అలలు మన తీరమును తాకకపోలేదు. ఫ్రాన్సు యుద్ధములో దిగగానే ఆంగ్లేయులు పుదుచ్చేరిని, 1779లో మాహే రేవును పట్టుకొనిరి. మాహే మైసూరునకు సరంజామా దిగు రేవు. హైదరలీ ఆగ్రహమునకు అదియొక కారణము. 1780 సెప్టెంబరు 10న పొల్లిలూరు వద్ద హైదరలీ, టిప్పు కలిసి బెయిలీ సేనను తుడిచిపెట్టిరి. అమెరికాలో పెన్సిల్వేనియా వారు ఒక యుద్ధనౌకకు హైదరలీ పేరు పెట్టుకొనిరి. 1782 ఏప్రిల్‌లో డెలావేర్ అఖాతమున అది తనకంటె బలమైన ఆంగ్ల నౌకను పట్టుకొనెను. ఆ ఏడాది డిసెంబరులో హైదరలీ చిత్తూరు సమీపమున దండు విడిదిలో మరణించెను. 1783 జూన్‌లో కడలూరు వద్ద ఆంగ్లేయులు, ఫ్రెంచివారు నేలపైనను, సముద్రముపైనను పోరాడుచుండగా, అయిదు మాసముల క్రిందటనే ఐరోపాలో సంధి షరతులు కుదిరినవను వార్త వచ్చి కత్తులు ఒరలలోనికి చేరెను. అమెరికా సమరముతో ముడిపడిన యుద్ధములలో తుదిది జరిగినది కోరమాండల్ తీరముననే.

యార్క్‌టౌన్‌లో లొంగిపోయిన కారన్‌వాలిస్ 1786లో గవర్నర్ జనరల్‌గా కలకత్తాలో దిగెను. ఓటమి ఆయన ఉద్యోగమునకు భంగము తేలేదు! 1791 మే మాసమున శ్రీరంగపట్టణము దాకా వచ్చియు, తిండి లేక, ఎద్దులు చచ్చి, పెద్ద ఫిరంగులను తానే పాడుచేసికొని వెనుదిరుగవలసి వచ్చెను. కాని ఈసారి వెనుక దారి తెరచియే ఉండెను. నిజాము, మరాఠాల సేనలు తోడుగా, బంజారాల ఎద్దులపై ధాన్యము నింపుకొని 1792 ఫిబ్రవరిలో మరల వచ్చెను. మార్చిలో కుదిరిన సంధి వలన టిప్పు తన రాజ్యములో సగము, మూడుకోట్ల ముప్పది లక్షల రూపాయలు, హామీగా ఇద్దరు కుమారులను ఇచ్చుకొనెను. ఆ సగములో నిజాము వాటాకు వచ్చినవానిలో కడప, గండికోట ప్రాంతములు కలవు. ఎనిమిదేండ్లకు, 1800లో, నిజాం అలీఖాన్ తన కొలువులోని కంపెనీ పటాలముల ఖర్చు క్రింద ఆ ప్రాంతములను కంపెనీకే దత్తము చేసెను. దత్తమండలములని పేరుపొందిన ఆ జిల్లాలు 1928లో రాయలసీమ అను పేరు ధరించెను.